డైరీ మొదలుపెట్టాక ఉన్న నిద్ర కూడా పోయింది: లోపం నా రాతలో ఉందా?

మూడోజాము
నాకు నలభై ఏడేళ్లు. రెండేళ్లుగా రాత్రి పడుకున్న వెంటనే నిద్ర పట్టదు, పట్టినా మూడు గంటలకల్లా మెలకువ వచ్చేస్తుంది. డైరీ రాస్తే మనసు తేలికపడి నిద్ర బాగా పడుతుందని పదిమంది చెప్పగా విని, మూడు వారాల క్రితం గట్టి అట్ట ఉన్న నోట్‌బుక్ ఒకటి కొన్నాను. రోజూ రాత్రి మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చుని, కనీసం అరగంట రాస్తున్నాను. ఫలితం మాత్రం తలకిందులైంది. ఇదివరకు పదకొండుకు పడుకుంటే పన్నెండు లోపే కన్ను అంటుకునేది, ఇప్పుడు ఒంటిగంట దాటుతోంది. రాసేకొద్దీ, ఎప్పుడో మరిచిపోయాననుకున్న మాటలు కూడా ఒక్కొక్కటే పైకి తేలి, దీపం ఆర్పాక చీకట్లో నా ఎదురుగా వచ్చి కూర్చుంటున్నాయి. నిన్న ఎనిమిది పేజీలు రాశాను. ఎనిమిది పేజీలూ ఆస్తి పంపకాల నాడు మా అన్నయ్యకూ నాకూ జరిగిన గొడవ గురించే. ఈ అలవాటు నా ఒంటికి సరిపడదని వదిలేయాలా, లేక రాసే పద్ధతిలోనే ఏదైనా లోపం ఉందా?

సిరాచుక్క
ఎనిమిది పేజీలంటే అది డైరీ కాదండీ, దావా పత్రం. పడుకోబోయే ముందు రోజూ వాదప్రతివాదాలు రెండూ మీరే వినిపిస్తుంటే, తీర్పు వచ్చేదాకా నిద్ర ఎలా పడుతుంది?

గోడగడియారం
సిరాచుక్క గారు నవ్వులాటగా అన్నా, అసలు కీలకం అక్కడే ఉంది. నిద్రకు ముందు ఏమి రాస్తున్నామన్న దాన్ని బట్టి ఫలితం మారిపోతుంది. బేలర్ విశ్వవిద్యాలయంలో మైకేల్ స్కలిన్ బృందం చేసి 2018లో ప్రచురించిన ఒక ప్రయోగం దీన్ని బాగా చూపిస్తుంది. 57 మందిని నిద్ర ప్రయోగశాలలో పడుకోబెట్టి, దీపాలు ఆర్పే ముందు అయిదు నిమిషాలు రాయమన్నారు. సగం మంది మర్నాడూ ఆ తరవాతి రోజుల్లోనూ చేయవలసిన పనులు రాశారు, మిగతా సగం మంది గడిచిన రోజుల్లో పూర్తి చేసిన పనులు రాశారు. చేయవలసిన పనులు రాసినవారు సగటున సుమారు తొమ్మిది నిమిషాలు ముందుగా నిద్రలోకి జారుకున్నారు. ఆ జాబితా ఎంత వివరంగా ఉంటే నిద్ర అంత త్వరగా పట్టిందన్నది నాకు మరింత ఆసక్తి కలిగించిన సంగతి.

మిగిలిపోయిన పనులను మనసు మాటిమాటికీ గుర్తు చేస్తూనే ఉంటుంది. వాటిని కాగితం మీద పెడితే ఆ కాపలా పని కాగితానికి అప్పగించినట్టవుతుంది. మీ రాతలో జరుగుతున్నది దీనికి వ్యతిరేకం. అన్నయ్యగారితో గొడవలో రేపు చేయవలసిన పని ఒక్కటీ లేదు, మళ్లీ మళ్లీ తిరగేసే సరుకు మాత్రం బోలెడంత ఉంది.

కాకిలెక్క
గోడగడియారం గారు చెప్పిన ప్రయోగం నేనూ చదివాను కనుక ఒక అభ్యంతరం చెప్పక తప్పదు. అందులో పాల్గొన్నవారంతా 18 నుంచి 30 ఏళ్ల లోపు ఆరోగ్యవంతులు, పరీక్షించింది ఒకే ఒక్క రాత్రి. నలభై దాటినవారి బాధ సాధారణంగా వేరుగా ఉంటుంది. వయసు పెరిగేకొద్దీ గాఢనిద్ర తగ్గి, మెలకువలు పెరుగుతాయి. ఇరవై రెండేళ్ల కుర్రవాడికి తొమ్మిది నిమిషాలు కలిసివచ్చాయని, తెల్లవారుజామున మూడింటికి పైకప్పు చూస్తూ పడుకునే మనిషికి అదే మందు రాసివ్వడం సరికాదు.

గోడగడియారం
ఒప్పుకుంటున్నాను. అయితే అయిదు నిమిషాల సమయం, ఒక పెన్ను, ఒక కాగితం తప్ప ఖర్చేమీ లేని ప్రయత్నానికి అంత కట్టుదిట్టమైన సాక్ష్యం కావాలని నేను పట్టుబట్టను. నాకు యాభై మూడేళ్లు, నా వరకు అది పనిచేసింది. మూడింటి మెలకువ సంగతి వేరన్న మాట మాత్రం నిజమే.

పాతఉత్తరం
మనసులోని బాధ రాసుకోవడం వల్ల ఉపయోగమే లేదని ఇక్కడ ఎవరైనా అర్థం చేసుకుంటారేమోనని రాస్తున్నాను. ఈ పద్ధతి మీద పరిశోధనలకు నాంది పలికినవారు జేమ్స్ పెన్నెబేకర్, శాండ్రా బీల్. వారి 1986 నాటి అధ్యయనంలో విద్యార్థులు వరసగా నాలుగు రోజులు, రోజుకు పావుగంట చొప్పున, తమ జీవితంలో బాగా కలచివేసిన సంఘటన గురించి రాశారు. జరిగినదాన్నీ, దాని గురించి తమకు కలిగిన బాధనూ కలిపి రాసినవారు తరవాతి నెలల్లో వైద్యకేంద్రానికి వెళ్లడం తగ్గింది. కానీ రాసిన వెంటనే మాత్రం వారి మనఃస్థితి మరింత దిగజారింది. మూడోజాము గారు అనుభవిస్తున్నది సరిగ్గా ఇదే అనిపిస్తోంది. పుండును కడిగేటప్పుడు మంట పుడుతుంది, ఆ మంట చల్లారక ముందే మీరు దీపం ఆర్పేస్తున్నారు.

నాకు తోచినంతలో రెండు మార్పులు చాలు. ఆ గొడవ గురించి రాయాలనుకుంటే పగటిపూట రాయండి, అదీ నాలుగైదు రోజులు రాసి ఆపేయండి. ఆ ప్రయోగంలో కూడా నాలుగు రోజులే రాయించారు, నాలుగేళ్లు రాయించలేదు. నేను మా అమ్మ పోయిన ఏడాది ప్రతి రాత్రీ రాశాను. ఏడాది చివర తిరగేసి చూస్తే, తేదీ మారడం తప్ప ప్రతి పేజీలోనూ అవే వాక్యాలున్నాయి. ఆసుపత్రి నడవలో నేను పక్కకు వెళ్లిన పది నిమిషాల గురించి నలభైసార్లకు పైగా రాసుకున్నాను. బాధను అరిగించుకోవడానికి రాయడం వేరు, నెమరు వేయడానికి రాయడం వేరు. ఆ తేడా నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

కాకిలెక్క
పాతఉత్తరం గారి చివరి మాటలకు నా దగ్గర వాదన లేదు. ఒక్క సంగతి మాత్రం చేరుస్తాను. అలాంటి రాత మీద జరిగిన 146 అధ్యయనాలను 2006లో కలిపి లెక్క కట్టినప్పుడు లాభం ఉందని తేలింది, కానీ ఆ లాభం చిన్నది. డైరీని సర్వరోగ నివారిణిగా అమ్ముతున్నవారి మాటలు వినేటప్పుడు ఈ లెక్క గుర్తు పెట్టుకోవడం మంచిది.

సిరాచుక్క
పేరు కాకిలెక్క, లెక్కలేమో ఇంత పక్కాగా ఉన్నాయి. పేరు మార్చుకోండి.

వేకువపిట్ట
నాకు యాభై ఒకటి. నెలసరి ఆగే దశలో నాకు రాత్రిళ్లు వేడి ఆవిర్లు వచ్చి, మెడ కింద దిండు తడిసేది. అయితే అది ఆవిర్ల వల్లనని నాకు చాలాకాలం తెలియదు. దిగులు వల్ల మెలకువ వస్తోందని నమ్మి, ఆ దిగులు గురించే పేజీలకు పేజీలు రాసేదాన్ని. చివరికి డాక్టరుగారు రెండు వారాల పాటు ఇంకో రకం డైరీ రాయమన్నారు. అందులో మనసు ఊసే ఉండదు. ఎన్నింటికి పడుకున్నాను, సుమారు ఎంతసేపటికి నిద్ర పట్టింది, ఎన్నిసార్లు లేచాను, చివరిసారి ఎప్పుడు లేచాను, కాఫీ లేదా టీ ఎప్పుడు తాగాను అన్నవి మాత్రమే రాయాలి. దాన్ని రాత్రి కాకుండా, పొద్దున లేచాక రాయాలి. గడియారం చూడకుండా అంచనాతోనే రాయాలని ఆమె గట్టిగా చెప్పారు.

నేను వాటికి పక్కన ఒక గడి అదనంగా గీసుకుని, లేచినప్పుడు చెమట ఉంటే చిన్న చుక్క పెట్టాను. పద్నాలుగు రోజుల కాగితంలో మెలకువ వచ్చిన ప్రతి చోటా దాదాపుగా చుక్క ఉంది. ఆ కాగితం చూసిన రెండు నిమిషాల్లో డాక్టరుగారికి విషయం తెలిసిపోయింది. ఏడాదిన్నర పాటు నేను రాసిన మనోవేదన అంతా చెప్పలేని సంగతిని ఆ చుక్కలు చెప్పాయి. మూడోజాము గారూ, ముందు మీకు మెలకువ ఎందుకు వస్తోందో తేల్చుకోండి. దానికి పనికొచ్చేది ఈ రెండో డైరీయే.

పక్కగది
వేకువపిట్ట గారి మాటకు నాది ఇంకో సాక్ష్యం. నేను రెండేళ్లు కృతజ్ఞతల డైరీ రాశాను. రోజూ మూడు మంచి విషయాలు రాసేవాణ్ని. ఆ మూడింటిలో నిద్ర ఏనాడూ లేదు. నా గురక భరించలేక పక్కగదికి మారిన మా ఆవిడ, ఒక రాత్రి వచ్చి చూసి, గురక మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడినట్టు మళ్లీ మొదలవుతోందని చెబితే పరీక్షకు వెళ్లాను. స్లీప్ ఆప్నియా అని తేలింది. ఇప్పుడు మాస్కు పెట్టుకుని పడుకుంటున్నాను. గురక ఎక్కువగా ఉండి, పగలు కూర్చున్న చోటే కునుకు పట్టేవారు డైరీ కొనే ముందు డాక్టరును కలవాలి.

తెల్లకాగితం
పక్కగది గారి అనుభవం చదివి కృతజ్ఞతల డైరీని ఎవరూ చిన్నచూపు చూడకండి. రాబర్ట్ ఎమ్మన్స్, మైకేల్ మెకల్లో 2003లో ప్రచురించిన అధ్యయనాలలో ఒకటి నరాలు, కండరాల జబ్బులున్న పెద్దవారితో జరిగింది. మూడు వారాలు రోజూ కృతజ్ఞతలు రాసుకున్నవారు తాము ఎక్కువసేపు, తెరిపిగా నిద్రపోయామని చెప్పారు. నా అనుభవం కూడా అలాంటిదే. అయితే "కుటుంబం, ఆరోగ్యం, ఉద్యోగం" అని రోజూ ఒకే మంత్రం రాస్తే వారంలో విసుగు పుడుతుంది. "వాన మొదలవుతుంటే, అడగకుండానే అమ్మాయి మేడ మీది బట్టలు తెచ్చింది" అని రాసిన రోజు మాత్రం నిజంగానే మనసు కుదుటపడుతుంది.

కాకిలెక్క
ఊపిరి ఆగిపోయే మనిషికి అమ్మాయి బట్టలు తెచ్చిందన్న ఆనందం ఏమి చేస్తుందండీ?

తెల్లకాగితం
ఏమీ చేయదు, చేస్తుందని నేను అనలేదు. ఊపిరి ఆడుతున్నవారి గురించే రాశాను.

మూడోజాము
అందరి మాటలూ రెండుసార్లు చదివాను. గురక లేదని ఇంట్లో అడిగి నిర్ధారించుకున్నాను, పగలు కునుకు కూడా రాదు. నిన్న గోడగడియారం గారు చెప్పినట్టు అయిదు నిమిషాల జాబితా ప్రయత్నించాను. అది ఇలా వచ్చింది: "ఆఫీసు పని. నాన్న కళ్లు. అబ్బాయి ఫీజు. అన్నయ్య. డబ్బు." రాశాక గుండె దడ ఇంకా పెరిగింది. నేను ఎక్కడ తప్పు చేశాను?

గోడగడియారం
మీరు రాసినవి పనులు కావు, దిగుళ్ల పేర్లు. వివరంగా రాయాలని మొదట నేను అన్నది ఇందుకే. "నాన్న కళ్లు" అని రాస్తే దానికి మొదలూ లేదు, చివరా లేదు. అదే "మంగళవారం పదిన్నరకు కంటి ఆసుపత్రికి ఫోన్ చేసి నాన్నకు శనివారం ఉదయం సమయం అడగాలి, పాత కళ్లజోడు చీటీ బీరువా పై అరలో ఉంది, ముందురోజే సంచిలో పెట్టాలి" అని రాసి చూడండి. పని ఇంకా జరగలేదు, కానీ ఎప్పుడు, ఎక్కడ, ఎలా అన్న మూడు ప్రశ్నలు తీరిపోయాయి. రాత్రి మనల్ని కుదిపి లేపేది ఎక్కువగా ఆ మూడు ప్రశ్నలే.

పాతఉత్తరం
మరి "అన్నయ్య" అన్న పదానికి అలాంటి వాక్యం దొరకదు కదా. అన్ని దిగుళ్లకూ ఎప్పుడు, ఎక్కడ, ఎలా అన్నవి ఉండవు. వాటికి దిగులు వేళ అన్న పద్ధతి ఒకటి ఉంది. థామస్ బోర్కొవెక్, ఆయన సహచరులు 1983లోనే దీన్ని పరీక్షించారు. రోజూ ఒకే సమయానికి, ఒకే చోట, అరగంట దిగులు కోసమే కేటాయించాలి. మిగతా వేళల్లో దిగులు వస్తే, దాని వేళ వచ్చేదాకా వాయిదా వేయాలి. నేను సాయంత్రం ఆరున్నరకు వంటింటి బల్ల దగ్గర కూర్చుంటాను. పేజీకి మధ్యలో గీత గీసి, ఎడమవైపు దిగులు, కుడివైపు దాని గురించి నేను వేయగల ఒక్క అడుగు రాస్తాను. అడుగు ఏదీ లేకపోతే "ప్రస్తుతం నా చేతిలో లేదు" అని రాసి వదిలేస్తాను. రాత్రి అదే దిగులు వస్తే, రేపు ఆరున్నరకు రమ్మని చెప్పి పంపించేస్తాను. మొదటి పది రోజులు అది మాట వినలేదు, ఆ తరవాత మెల్లగా వినడం నేర్చుకుంది.

సిరాచుక్క
మా ఇంట్లో చుట్టాలు కూడా అలా చెప్పిన వేళకు వస్తే ఎంత బాగుండును.

నడిరేయి
ఇంతసేపూ ఎవరూ మంచం గురించి మాట్లాడలేదు. నేను నిద్రలేమికి సీబీటీ, అంటే ఆలోచనలనూ అలవాట్లనూ సరిచేసే చికిత్స, ఎనిమిది వారాలు తీసుకున్నాను. వారానికి కనీసం మూడు రాత్రుల చొప్పున మూడు నెలలకు మించి ఇలా సాగుతుంటే దాన్ని దీర్ఘకాలిక నిద్రలేమి అంటారు. దానికి మందుల కంటే ముందు ఈ చికిత్సే ఇవ్వాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో సిఫారసు చేసింది. రెండేళ్లుగా బాధపడుతున్న మూడోజాము గారు దీని గురించి తప్పక కనుక్కోవాలి. డైరీ దానికి తోడు కాగలదు, దానికి బదులు కాలేదు.

ఆ చికిత్సలో నాకు అన్నిటికంటే కష్టమనిపించిన సూత్రం, 1972లో రిచర్డ్ బూట్‌జిన్ ప్రతిపాదించిన దాని నుంచి వచ్చింది. మంచం నిద్రకే గాని ఆలోచనలకు కాదు. నిద్ర పట్టకపోతే లేచి వేరే గదిలోకి వెళ్లి, కళ్లు మూతలు పడుతున్నప్పుడే తిరిగి రావాలి. మంచం మీద కూర్చుని గొడవల గురించి రాస్తుంటే, మంచం ఎక్కడమే గొడవకు సిద్ధం కావడమని ఒంటికి అలవాటైపోతుంది. అందువల్ల నోట్‌బుక్ పడకగదిలో ఉండకూడదు. మూడింటికి మెలకువ వచ్చినా గడియారం చూడకండి. మూడు అని కనిపించగానే "ఇంకా మూడు గంటలే ఉంది" అని లెక్కలు మొదలవుతాయి, లెక్కలు మొదలైతే నిద్ర వెళ్లిపోతుంది. నేను గడియారాన్ని గోడవైపు తిప్పి పెట్టాను.

గోడగడియారం
నన్ను గోడవైపు తిప్పేశారన్నమాట.

నడిరేయి
మీ సలహాలు బాగున్నాయి గనుక మిమ్మల్ని హాలులో ఉంచాను.

కీబోర్డు
ఫోన్‌లో రాసుకుంటే సరిపోదా? నా చేతిరాత నాకే అర్థం కాదు.

వేకువపిట్ట
సాయంత్రం ఆరున్నరకైతే ఫోన్ అయినా ఫరవాలేదు. పడుకోబోయే ముందు మాత్రం వద్దంటాను. రాయడానికి తీసిన ఫోన్‌లో ఇంకో మెసేజ్ కనిపిస్తుంది, దానికి జవాబు ఇస్తాం, అరగంట పోతుంది. తెర వెలుగు సంగతి సరేసరి.

కాకిలెక్క
వెలుగు మీద లెక్క కావాలంటే 2015లో వచ్చిన అధ్యయనం ఒకటి ఉంది. పడుకునే ముందు నాలుగు గంటలు వెలుగు తెర మీద పుస్తకం చదివినవారికి, కాగితం పుస్తకం చదివినప్పటి కంటే నిద్ర పట్టడానికి సుమారు పది నిమిషాలు ఎక్కువ పట్టింది. పాల్గొన్నది 12 మందే, పైగా తెర పూర్తి వెలుగులో పెట్టి నాలుగు గంటలు చూశారు. కనుక అయిదు నిమిషాల రాతకు వెలుగు కంటే, వేకువపిట్ట గారు చెప్పిన మెసేజే పెద్ద శత్రువు.

కీబోర్డు
ఇంకో భయం కూడా ఉంది. కాగితం మీద రాస్తే ఇంట్లో ఎవరైనా చదువుతారు. ఆ భయంతో నేను రాసేదంతా అబద్ధమైపోతోంది. నిన్నటి పేజీ చదివితే నేను మహా సాధువుననిపిస్తుంది.

పాతఉత్తరం
రాసి చింపేయండి. నేను దిగులు వేళ కాగితాలను ఆదివారం రాత్రి ముక్కలు చేసి పారేస్తాను. రాసేటప్పుడు జరిగే మేలు రాసేటప్పుడే జరిగిపోతుంది, దాచుకోవాలన్న నియమం ఎక్కడా లేదు. పనుల జాబితా మాత్రం చింపకండి, మర్నాడు కావాలి.

మూడోజాము
ఆరు వారాల తరవాత రాస్తున్నాను. నోట్‌బుక్ ఇప్పుడు భోజనాల బల్ల సొరుగులో ఉంటోంది. సాయంత్రం ఏడింటికి ఇరవై నిమిషాలు గీత గీసిన పేజీ, రాత్రి తొమ్మిదిన్నరకు నిలబడే అయిదు నిమిషాల జాబితా, పొద్దున వేకువపిట్ట గారి గడుల కాగితం, ఇంతే. మధ్యలో ఊరెళ్లి నాలుగు రోజులు మానేశాను. అంతా పాడైపోయిందనుకుని దాదాపు వదిలేయబోయాను.

నా కాగితం ప్రకారం మొదటి వారంలో నిద్ర పట్టడానికి సగటున గంటా పది నిమిషాలు పట్టేది, పోయిన వారం ముప్పై అయిదు. మూడింటి మెలకువ మాత్రం వారంలో నాలుగు రాత్రులు ఇంకా ఉంది. గడుల వల్ల ఇంకో సంగతి తెలిసింది. ఆఫీసులో అయిదు గంటల మీటింగులో టీ తాగిన రోజులకూ ఆ మెలకువలకూ పొత్తు కుదురుతోంది. మీటింగు మానలేను గనుక ఈ సోమవారం నుంచి టీ మానేశాను. నడిరేయి గారు చెప్పిన చికిత్స కోసం వచ్చే నెలలో సమయం దొరికింది.

తెల్లకాగితం
నాలుగు రోజులు మానినందుకు దిగులు పడకండి. అలవాట్లు ఎలా కుదురుకుంటాయో చూసి ఫిలిపా లాలీ, ఆమె సహచరులు 2010లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక అలవాటు స్థిరపడడానికి మనిషిని బట్టీ పనిని బట్టీ 18 రోజుల నుంచి 254 రోజుల దాకా పట్టేలా ఉంది. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన పెద్ద నష్టం కనబడలేదు.

కాకిలెక్క
వారు చూసింది ఒక రోజు తప్పడం, మూడోజాము గారు తప్పింది నాలుగు రోజులు. అయినా ఈసారికి వదిలేస్తున్నాను. ముప్పై అయిదు నిమిషాలంటే సగానికి సగం తగ్గింది, అందులో టీ వాటా ఎంతో, డైరీ వాటా ఎంతో తేలాలంటే ఇంకో రెండు వారాలు గడులు నింపండి.

సిరాచుక్క
ఇంతకీ అన్నయ్యగారి కేసు ఏమైంది?

మూడోజాము
కుడివైపు గడిలో మూడు వారాల పాటు "ప్రస్తుతం నా చేతిలో లేదు" అనే రాశాను. నాలుగో వారంలో ఒక సాయంత్రం ఎందుకో "ఆదివారం పదకొండుకు ఫోన్ చేయాలి, ఆస్తి మాట ఎత్తకూడదు, మోకాలి నొప్పి గురించి అడగాలి" అని రాశాను. చేశాను. పదమూడు నిమిషాలు మాట్లాడాం, అందులో పన్నెండు నిమిషాలు మోకాలి గురించే.